ఓ-ఫ్రేమ్ రీలోడింగ్ ప్రెస్‌కి ఇంట్లో చేసుకునే మార్పులు: ముందు ఏది, ముట్టుకోకూడనిది ఏది?

కొత్తబెంచ్

అందరికీ నమస్కారం. కాల్చేసిన కేసుల్ని (తూటాల ఇత్తడి గొట్టాల్ని) మళ్లీ తూటాలుగా నింపుకునే రీలోడింగ్ ప్రెస్ ఒకటి ఉంది. పోత ఇనుముది, ఓ-ఫ్రేమ్ (చుట్టూ మూసుకున్న చట్రం), సింగిల్ స్టేజ్ (ఒకసారికి ఒకే పని). ర్యామ్‌కి (కేసుని పైకి నెట్టే కడ్డీకి) ముందువైపు గాడి ఉంది, ప్రైమింగ్ ఆర్మ్ (పౌడర్‌ని అంటించే చిన్న కప్పుని, అంటే ప్రైమర్‌ని, కేసు అడుగున ఎక్కించే చెయ్యి) ఆ గాడిలోనే ఆడుతుంది. వాడేసిన ప్రైమర్లు పడటానికి కింద ప్లాస్టిక్ ట్రే. 38 మిల్లీ మందం చెక్క బెంచి మీద రెండు పెద్ద స్క్రూలతో బిగించి ఉంది. చేసే తూటాలు .308 విన్‌చెస్టర్ (బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కి), .38 స్పెషల్.

ఇబ్బందులు ఇవి. పది ప్రైమర్లు తీస్తే రెండు మూడు ట్రే తప్పించుకుని నేల మీదకి దొర్లుతున్నాయి, ర్యామ్ మీద నల్లటి మడ్డి పేరుకుంటోంది. .308 ఫుల్ లెంగ్త్ సైజింగ్ (కాల్చాక ఉబ్బిన కేసుని డైలోకి నెట్టి మొత్తం పాత కొలతకి తేవడం) చేసేటప్పుడు బెంచి ముందు అంచు కంటికి కనిపించేంతగా కదులుతోంది. ఫ్రేమ్ లోపల చీకటి. హ్యాండిల్ చివరి గుండు వంద కేసులు దాటేసరికి అరచేతిని నొక్కేస్తోంది. అన్నిటికన్నా ముఖ్యం, డై (కేసుకి ఆకారమిచ్చే అచ్చు) ఒకే సెట్టింగ్‌లో ఉన్నా భుజం (కేసు మెడ వైపు సన్నబడే చోటు) వెనక్కి జరిగే కొలత ఒక్కో కేసుకి ఒక్కోలా వస్తోంది, తేడా 0.05 నుంచి 0.1 మిల్లీ దాకా.

చేతిలో ఉన్నవి: హ్యాండ్ డ్రిల్, హ్యాక్‌సా, ఆకురాళ్లు, ట్యాప్ సెట్, డయల్ కాలిపర్, డయల్ ఇండికేటర్. లేత్ లేదు, వెల్డింగ్ లేదు. వీటితో ఏమేం చేసుకోవచ్చు, ఏది ముందు? లైటు బిగించడానికి ఫ్రేమ్‌కి చిన్న రంధ్రం వేసి ట్యాప్ కొట్టొచ్చా?

పోతఇనుము

బెంచి ముందు. మిగతావన్నీ దాని తర్వాతే. మీరు చెప్పిన చివరి సమస్యలో కూడా బెంచికి వాటా ఉండే అవకాశం ఉంది. బెంచి వంగినప్పుడు స్ట్రోక్ చివర చేతికి తెలిసే ఆ గట్టిదనం ర్యామ్ పైదాకా వెళ్లినందుకు వచ్చిందా, చెక్క తిరగబడినందుకు వచ్చిందా అని పోల్చుకోలేం. అప్పుడు స్ట్రోక్ ప్రతిసారీ ఒకే చోట ఆగదు.

స్క్రూలు తీసేయండి. హ్యాండిల్ కిందికి లాగినప్పుడు ప్రెస్ ముందుకు ఒరుగుతుంది, వెనక బోల్టులు పైకి లాగబడతాయి. కేసు డైలోంచి ఊడేటప్పుడు హ్యాండిల్ పైకి ఎత్తుతాం, అప్పుడు ముందు బోల్టుల మీద పడుతుంది భారం. ఇలా అటూ ఇటూ లాగితే చెక్కలో దిగిన స్క్రూ త్రెడ్డు పొడి అయిపోతుంది. చెక్క గుండా పూర్తిగా దిగే షడ్భుజి తల బోల్టులు కావాలి. ప్రెస్ పాదంలోని రంధ్రం కొలిచి, అర మిల్లీ కన్నా ఎక్కువ ఖాళీ లేకుండా సరిపోయే సైజు తీసుకోండి. పాదంలో ఎన్ని రంధ్రాలుంటే అన్నిటికీ బోల్టు వేయండి, రెండిటితో ఆపొద్దు.

బెంచి కింద 6 మిల్లీ ఉక్కు పలక పెట్టండి. ప్రెస్ పాదం కన్నా ప్రతి వైపూ కనీసం 50 మిల్లీ ఎక్కువ ఉండాలి. ఉక్కు దొరక్కపోతే 18 మిల్లీ ప్లైవుడ్ ముక్కలు రెండు జిగురుతో అతికించి పెట్టొచ్చు, కానీ అప్పుడు నట్టు కింద పెద్ద వాషర్ తప్పనిసరి. పైన కూడా పలక ఉంటే మంచిదే గానీ కింద పలక ఇచ్చే లాభంలో సగం కూడా ఉండదు. నైలాక్ నట్లు వాడండి. వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి మళ్లీ బిగించాలి. చెక్క నొక్కుకుపోతుంది కాబట్టి మొదటి బిగింపు నిలవదు.

ప్రెస్ బెంచి మధ్యలో కాకుండా కాలు నిలబడ్డ చోట ఉండాలి. మధ్యలోనే ఉండక తప్పదంటే పలక కింద నుంచి నేలదాకా ఒక నిలువు చెక్క ఆనించండి. బెంచిని రెండు ఎల్ బ్రాకెట్లతో గోడకి బిగిస్తే వెనక్కీ ముందుకీ ఊగడం చాలావరకు ఆగిపోతుంది. కింద అరలో బరువైన పెట్టె పెట్టడం సులువైన పని, కానీ అది బెంచి లేవకుండా ఆపుతుందే తప్ప పై చెక్క వంగకుండా ఆపదు. రెండూ వేరు.

పని అయ్యాక కొలిచి చూడండి. డయల్ ఇండికేటర్‌ని బెంచికి తగలని స్టాండ్ మీద పెట్టి, మొనని బెంచి ముందు అంచు మీద ఆనించి, నూనె రాసిన .308 కేసు ఒకటి సైజ్ చేయండి. ముల్లు అర మిల్లీ దాటి కదిలితే ఇంకా పని మిగిలినట్టే.

నిలబడి పనిచేయడానికి ప్రెస్ ఎత్తు పెంచాలనుకుంటే ఒక మాట. స్టాండ్ 200 మిల్లీ ఎత్తు పెంచితే అదే చేతి బలం బెంచి మీద ఎక్కువ తిప్పుడు వేస్తుంది. అందుకని ముందు నుంచి వెనక్కి ఏటవాలు ఆధారం లేని స్టాండ్ వద్దు. నాలుగు కాళ్ల మీద పలక పెట్టేస్తే చాలదు.

ఫ్రేమ్‌కి రంధ్రం వేయొద్దు. సైజింగ్ చేసేటప్పుడు ఓ-ఫ్రేమ్ రెండు నిలువు కమ్మీలూ సాగే ఒత్తిడిలో ఉంటాయి. పోత ఇనుము నొక్కుడుని బాగా తట్టుకుంటుంది, లాగుడుని అంతగా తట్టుకోదు. అక్కడ ట్యాప్ చేసిన రంధ్రం పగులుకి మొదలయ్యే చోటు అవుతుంది. లైటుకి అయస్కాంతం చాలు.

ఇత్తడిగుట్ట

ప్రైమర్ల సంగతి నేను చెప్తాను. దీన్ని చాలామంది శుభ్రత సమస్య అనుకుంటారు. నిజానికి ఇది ప్రెస్ ఆయుష్షు సమస్య, మన ఊపిరితిత్తుల సమస్య కూడా. మామూలు సెంటర్‌ఫైర్ ప్రైమర్‌లో లెడ్ స్టిఫ్నేట్, బేరియం నైట్రేట్, యాంటిమనీ సల్ఫైడ్ ఉంటాయి. పేలాక మిగిలే ఆ నల్ల పొడిలో సీసం ఉంటుంది, పైగా అది గరుకు. ర్యామ్ మీది నూనెతో కలిస్తే ఎమరీ పేస్టులా పనిచేసి ర్యామ్‌నీ దాని బోర్‌నీ అరగదీస్తుంది.

మీ రకం ప్రెస్‌లో ప్రైమర్లు తప్పించుకునేది రెండు చోట్ల. ఒకటి, గాడిలోంచి జారేటప్పుడు ప్రైమింగ్ ఆర్మ్‌కి తగిలి పక్కకి ఎగురుతాయి. రెండు, ట్రే అంచుకీ ర్యామ్‌కీ మధ్య సందు. మొదటిదానికి మందు తేలిక: డీప్రైమింగ్ (పాత ప్రైమర్లు తీయడం) చేసేంతసేపూ ఆ ఆర్మ్ తీసేయండి. రెండోదానికి పాత సైకిల్ ట్యూబు నుంచి 20 మిల్లీ వెడల్పు పట్టీ కోసి, ర్యామ్ వైపు ఉన్న ట్రే అంచుకి లోపలి నుంచి అతికించండి. రబ్బరు ర్యామ్‌ని తాకీ తాకనట్టు ఉండాలి, గట్టిగా రాసుకోకూడదు. పక్కల గోడలు పొట్టిగా ఉంటే పలచని ప్లాస్టిక్ డబ్బా గోడ కత్తిరించి 40 మిల్లీ ఎత్తు పెంచండి. ట్రే క్లిప్పు వదులుగా ఉంటే అడుగున రెండు చిన్న నియోడైమియం అయస్కాంతాలు ఎపాక్సీతో అతికించండి, పోత ఇనుముకి కదలకుండా అంటుకుంటుంది.

ర్యామ్ బోలుగా ఉండి ప్రైమర్లు మధ్యలోంచి పడే ప్రెస్‌లున్నవాళ్లకి పని ఇంకా హాయి. ర్యామ్ అడుగుకి పారదర్శక వినైల్ గొట్టం తొడిగి సీసాలోకి దించేయడమే. లార్జ్ ప్రైమర్ వ్యాసం 5.3 మిల్లీ, స్మాల్ 4.45. అందుకని 8 మిల్లీ గొట్టం చాలనిపిస్తుంది, కానీ చాలదు. రెండు ప్రైమర్లు పక్కపక్కన చేరి వంతెనలా బిగుసుకుపోతాయి, వాటి మీద మిగతావి పేరుకుంటాయి. లోపలి వ్యాసం 12 మిల్లీ తీసుకోండి. ర్యామ్ పైకి వెళ్లినప్పుడు గొట్టం సాగకూడదు, కిందికి వచ్చినప్పుడు మడత పడకూడదు. ఎక్కడా అడ్డంగా పడుకోకుండా వాలు ఉండాలి. సీసాలో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు పోస్తే దుమ్ము పైకి లేవదు.

ర్యామ్‌కి ఫెల్ట్ రింగ్ వేసుకోండి. ఖర్చు లేని మార్పే, కానీ దీని విలువ ఎక్కువ. 3 మిల్లీ ఫెల్ట్ ముక్కలో ర్యామ్ వ్యాసం కన్నా అర మిల్లీ తక్కువ రంధ్రం కోసి, ఒక పక్క చీలిక పెట్టి, ర్యామ్ ఫ్రేమ్‌లోంచి బయటికి వచ్చే చోట తొడగండి. చుట్టూ ఒక ఓ-రింగ్ వేస్తే జారదు. ఒక్క చుక్క నూనె. పైనుంచి రాలే మడ్డి బోర్‌లోకి దిగకుండా అదే తుడిచేస్తుంది. హ్యాండిల్ పూర్తిగా ఎత్తినప్పుడు షెల్ హోల్డర్ (ర్యామ్ తలలో కేసు అడుగుని పట్టుకునే ముక్క) దిగడానికి చోటు మిగిలిందో లేదో ఒకసారి చూసుకోండి. ఫెల్ట్ నల్లబడగానే మార్చేయాలి, ఉతికి వాడొద్దు.

నేల మీద పడినవాటిని ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్‌తో లాగొద్దు. సీసపు ధూళిని గదంతా చిమ్ముతుంది, మధ్యలో పేలని ప్రైమర్ ఒక్కటున్నా ప్రమాదం. తడి గుడ్డతో తుడవండి.

వీలైతే చివరికి చేరాల్సింది ఇక్కడికి: డీప్రైమింగ్‌ని మంచి ప్రెస్ మీద నుంచి తీసేయడం. చవకరకం సి-ఫ్రేమ్ ప్రెస్ ఒకటీ, యూనివర్సల్ డీక్యాపింగ్ డై (ప్రైమర్ తీయడం మాత్రమే చేసేది) ఒకటీ బెంచి చివర పెట్టుకుంటే కేసులు కడగకముందే ప్రైమర్లు తీసేయొచ్చు. సైజింగ్ డైలోకి మడ్డి పోదు, ప్రైమర్ గుంత కూడా కడిగేటప్పుడే శుభ్రపడుతుంది.

నాలుగోస్టేషన్

ట్రే అడుగున అయస్కాంతం పెడితే ప్రైమర్లనే పట్టుకుంటుంది కదా, రబ్బరు పట్టీ ఎందుకు?

ఇత్తడిగుట్ట

పట్టుకోదండీ. ప్రైమర్ కప్పు ఇత్తడిది. పైన నికెల్ పూత ఉన్నా అది అతి పలచన, పడే వేగంలో దాన్ని అయస్కాంతం ఆపలేదు. అయస్కాంతం పని ట్రేని ఫ్రేమ్‌కి పట్టి ఉంచడం వరకే. ప్రెస్ అల్యూమినియందైతే అదీ కుదరదు, వెల్క్రో పట్టీ వాడుకోవాలి.

పదిడిగ్రీలు

భుజం కొలత గురించి. ప్రెస్‌ని మార్చే ముందు తేడా ఎక్కడ పుడుతోందో తేల్చాలి, లేకపోతే మంచి ప్రెస్‌ని పాడుచేసుకుంటాం.

మొదటి పరీక్షకి లైటు చాలు. ఖాళీ ప్రెస్‌లో డైని షెల్ హోల్డర్‌కి తగిలేలా బిగించండి. ఇప్పుడు నూనె రాసిన .308 కేసు పెట్టి హ్యాండిల్ చివరిదాకా దించి, వెనక నుంచి టార్చి వేసి చూడండి. డైకీ షెల్ హోల్డర్‌కీ మధ్య సన్నటి వెలుగు గీత కనిపిస్తే, కేసు ఒత్తిడికి ఫ్రేమూ లింకేజీ (హ్యాండిల్‌నీ ర్యామ్‌నీ కలిపే కీళ్లు) సాగుతున్నాయని అర్థం. ఆ గీత మందం కేసు గట్టిదనాన్ని బట్టి మారుతుంది, దాన్ని బట్టే మీ భుజం కొలతా మారుతుంది. గట్టి ఫ్రేమ్‌లో కూడా ఇది కొంత ఉంటుంది.

కేసు గట్టిదనం ఎందుకు మారుతుంది? ఎన్నిసార్లు కాల్చిన ఇత్తడి అన్నదాన్ని బట్టి. కాల్చిన కొద్దీ, సైజ్ చేసిన కొద్దీ మెడా భుజమూ బిరుసెక్కి, డైలోంచి బయటికి రాగానే ఎక్కువగా వెనక్కి తన్నుతాయి. ఒకసారి కాల్చినవీ ఐదుసార్లు కాల్చినవీ ఒకే డబ్బాలో కలిపి సైజ్ చేస్తుంటే ఏ ప్రెస్‌లోనైనా 0.05 తేడా వస్తుంది. కేసుల్ని లాట్లుగా విడదీయండి. నూనె అన్నిటికీ ఒకే మోతాదులో రాయండి. ర్యామ్ పైకి చేరాక రెండు మూడు సెకన్లు ఆపి అప్పుడు దించండి. ఈ మూడూ ప్రెస్‌ని ముట్టుకోకుండా అయ్యే పనులు, తేడాలో పెద్ద భాగం వీటితోనే పోతుంది.

ఇక చేసుకోదగ్గ మార్పు. డై త్రెడ్డు 7/8 అంగుళం, అంగుళానికి 14 చుట్లు. అంటే ఒక పూర్తి తిప్పుకి డై 1.814 మిల్లీ దిగుతుంది. దాన్ని 36తో భాగిస్తే పది డిగ్రీలకి 0.05 మిల్లీ. ఐదు డిగ్రీలకి 0.025. బోల్ట్ యాక్షన్‌కి భుజం జరగాల్సింది 0.025 నుంచి 0.05 మిల్లీ మధ్యే కాబట్టి కంటి అంచనాతో ‘ఎనిమిదో వంతు తిప్పు’ అనే లెక్క పనికిరాదు. ఎనిమిదో వంతు అంటే 0.227 మిల్లీ. అంత వెనక్కి నెడితే రెండు మూడు ఫైరింగుల్లో కేసు వెబ్ (అడుగు దగ్గరి దళసరి భాగం) దగ్గర సాగి, తల ఊడే దాకా వస్తుంది.

కాబట్టి లాక్ రింగ్‌కి (డైని ప్రెస్ మీద బిగించే రింగ్‌కి) స్కేలు వేసుకోండి. రింగ్ బయటి వ్యాసం కాలిపర్‌తో కొలిచి 3.1416తో గుణించండి. 32 మిల్లీ రింగైతే చుట్టుకొలత 100.5. ఆ పొడవు కాగితపు పట్టీ మీద 36 సమాన గీతలు గీస్తే ఒక్కో గడి దాదాపు 2.8 మిల్లీ వస్తుంది. రింగ్‌కి చుట్టి పారదర్శక టేపు వేయండి. డై మెడ మీద సన్నటి గుర్తు పెట్టుకోండి. త్రెడ్డుకి ఎప్పుడూ కొంచెం లూజు ఉంటుంది, అందుకని కొలతకి చేరేటప్పుడు ప్రతిసారీ ఒకే దిశలో, పై నుంచి కిందికి తిప్పుతూ రావాలి. ఎక్కువ దిగిపోతే అరచుట్టు వెనక్కి తిప్పి మళ్లీ రండి.

ఇంకా కచ్చితంగా కావాలంటే షిమ్ (సందులో పెట్టే పలచని రేకు). లాక్ రింగ్ డైకి బిగించేశాక, రింగ్ కిందా ప్రెస్ పైనా 0.05 మిల్లీ ఇత్తడి షిమ్ వాషర్ వేస్తే డై సరిగ్గా 0.05 లేస్తుంది. త్రెడ్డు లూజు ఇక్కడ అడ్డురాదు. షిమ్ రేకు నుంచి లోపలి వ్యాసం 22.5 మిల్లీ ఉండేలా కత్తిరించి, అంచుల్లో బొడిపెలు లేకుండా 400 నంబరు ఎమరీ కాగితం మీద రుద్దండి. లాక్ రింగ్ సెట్ స్క్రూ నేరుగా డై త్రెడ్డుని నొక్కే రకమైతే స్క్రూ కింద ఒక సీసపు షాట్ గుండు వేయండి. అది నలిగి త్రెడ్డు ఆకారంలోకి కూర్చుంటుంది, త్రెడ్డు పాడవదు.

షెల్ హోల్డర్ పైభాగం గానీ డై అడుగు గానీ అరగదీయొద్దు. షెల్ హోల్డర్ ఎత్తు ప్రమాణం 0.125 అంగుళం, అంటే 3.175 మిల్లీ. అది 0.1 తగ్గితే దాని మీద సైజ్ చేసే ప్రతి డైలోనూ భుజం అంత ఎక్కువగా వెనక్కి పోతుంది. అరగదీసిన హోల్డర్ మామూలు వాటిలో కలిసిపోయిందంటే ఎవరూ గుర్తుపట్టలేరు.

నూనెగుడ్డ

పైన చెప్పిన వాటితో ఏకీభవిస్తున్నాను, కానీ లాక్ రింగ్ కింద ఓ-రింగ్ సంగతి వదిలేశారు. లోపలి వ్యాసం సుమారు 21.8 మిల్లీ, మందం 3.5 మిల్లీ ఉండే నైట్రైల్ ఓ-రింగ్ డై మీద తొడిగి, దాని మీద లాక్ రింగ్ ఆనేలా చేస్తే డై పక్కకి కాస్త ఆడి కేసు మధ్యకి తానే చేరుకుంటుంది. బులెట్ సీటింగ్‌లో (కేసు నోట్లో బులెట్ కూర్చోబెట్టడంలో) వంకర తగ్గించడానికి ఇది మంచి ఉపాయం. దాంతో పాటు ర్యామ్ తలలో షెల్ హోల్డర్‌ని పట్టే స్ప్రింగ్ క్లిప్పు తీసేసి, ఆ గాడిలో సరిపోయే ఓ-రింగ్ వేస్తే హోల్డర్ కూడా తేలుతుంది. గాడి వ్యాసం కొలిచి, అంతకన్నా కొంచెం చిన్నది తీసుకోవాలి, అప్పుడే బిగిసి కూర్చుంటుంది.

పదిడిగ్రీలు

సీటింగ్ డైకి సరే. .308 సైజింగ్ డైకి మాత్రం నేను ఒప్పుకోను. డై పైకి నెట్టబడినప్పుడు దాన్ని ఆపేది త్రెడ్డే. మామూలు లాక్ రింగ్ ఆ త్రెడ్డు లూజుని ముందే పైకి లాగి తీసేస్తుంది. ఓ-రింగ్ మెత్తన కాబట్టి ఆ పని సగమే చేస్తుంది, మనం కష్టపడి సాధించిన 0.025 మళ్లీ చేజారుతుంది. పైగా ఓ-రింగ్ వేసిన చోట నేను చెప్పిన షిమ్ పద్ధతి అసలు పనిచేయదు. షెల్ హోల్డర్ తేలించడం మాత్రం రెండిటికీ మంచిదే, దాని మీద నాకు అభ్యంతరం లేదు. ఏది చేసినా ముందూ తర్వాతా పదేసి కేసుల రనౌట్ (వంకర) ఇండికేటర్‌తో కొలిచి రాసుకోండి. మారకపోతే తీసేయండి.

ఇంకొకటి: .38 స్పెషల్ సైజింగ్ డైలో కార్బైడ్ రింగ్ ఉంటే షెల్ హోల్డర్ దాన్ని గుద్దకూడదు. కార్బైడ్ బిరుసు, పగులుతుంది. దళసరి కాగితం దూరేంత సందు వదలండి.

నూనెగుడ్డ

సైజింగ్ డై విషయంలో మీ మాటే సరైనది, ఓ-రింగ్‌ని సీటింగ్ వరకే ఉంచుకుందాం.

హ్యాండిల్, లైటు ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి అవి నేను చెప్తాను. గుండు బదులు తిరిగే రోలర్ పెట్టుకోండి. 32 నుంచి 35 మిల్లీ వ్యాసం, 100 మిల్లీ పొడవు ఉండే గుండ్రటి గట్టి చెక్క. రెండు 608 బేరింగులు (లోపలి రంధ్రం 8, బయట 22, మందం 7 మిల్లీ). చెక్క రెండు చివర్లా 22 మిల్లీ ఫ్లాట్ బిట్‌తో 7 మిల్లీ లోతు గుంత, మధ్య గుండా 10 మిల్లీ రంధ్రం. రంధ్రం వంకరపోతే రోలర్ ఎగుడుదిగుడుగా తిరుగుతుంది, అందుకని రెండు వైపుల నుంచీ సగం సగం డ్రిల్ చేయండి. రెండు బేరింగుల మధ్య 8 మిల్లీ లోపలి వ్యాసమున్న గొట్టం ముక్క పెట్టాలి. అది లేకుండా ఎం8 బోల్టు బిగిస్తే బేరింగులు లోపలికి నొక్కుకుపోయి తిరగవు.

లివర్‌కి కలపడానికి 25 మిల్లీ చదరపు ఉక్కు ముక్క, 35 మిల్లీ పొడవు. ఒక చివర పాత గుండులో ఉన్న త్రెడ్డే ట్యాప్ చేయాలి (ప్రెస్‌ని బట్టి మారుతుంది, త్రెడ్ గేజ్‌తో చూసుకోండి). దానికి అడ్డంగా ఎం8 ట్యాప్. రెండు చోట్లా చెక్ నట్టు, మధ్యరకం త్రెడ్ లాకర్. రోలర్ బెంచి అంచుకి సమాంతరంగా ఉండేలా తిప్పి చెక్ నట్టు బిగించండి. మొత్తం బరువు పాత గుండు కన్నా మరీ పెరగకూడదు. బరువైన హ్యాండిల్ తనంతట తానే దిగి ర్యామ్‌ని లేపుతుంది, ఆ సమయంలో వేళ్లు షెల్ హోల్డర్ దగ్గర ఉంటాయి. ఇనుప పైపు రోలర్‌గా పనికిరాదని చెప్పేది ఇందుకే.

లివర్ పొడవు పెంచొద్దు. ఈ లింకేజీలో స్ట్రోక్ చివరికి వచ్చేసరికి బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పైపు తొడిగి ఇంకా పెంచితే ఏది తప్పో చేతికి తెలియదు. కేసు ఇరుక్కుంటే రిమ్ చీలిపోతుంది, లేదా పిన్నులు వంగుతాయి. బలం ఎక్కువ కావాల్సి వస్తోందంటే నూనె తక్కువైనట్టు. .38కి మాత్రం లివర్‌ని లోపలికి జరిపి పొట్టి చేసుకుంటే చెయ్యి తక్కువ దూరం కదులుతుంది, అది మంచి మార్పు.

లైటుకి 5 వోల్టుల యూఎస్‌బీ ఎల్ఈడీ పట్టీ 15 నుంచి 20 సెంటీమీటర్లు చాలు. ఫ్రేమ్ లోపలి గోడని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక అతికించండి. నూనె పొర మీద ఏ టేపూ నిలవదు. మీ కళ్లలోకి కాకుండా కేసు నోట్లోకి పడేలా కాస్త వాలుగా ఉంచండి. వైరు ఫ్రేమ్ వెనక నుంచి దించి రెండు చోట్ల టై వేయండి, లింకేజీ దరిదాపుల్లోకి రానివ్వొద్దు. ఛార్జరూ స్విచ్చీ పౌడర్ మెజర్ ఉన్న వైపు కాకుండా అవతలి వైపు ఉండాలి.

కొత్తబెంచ్

అందరికీ కృతజ్ఞతలు. రంధ్రం ఆలోచన మానేశాను. రెండు సందేహాలు. .308 కేసు ఒకటి ఇప్పటికే డైలో ఇరుక్కుని రిమ్ చీలింది, ఇంట్లో ఉన్న సామానుతో తీయొచ్చా? ఇంకొకటి, ముందుముందు ప్రోగ్రెసివ్‌కి (కేసులు వరసగా స్టేషన్లు మారుతూ అన్ని పనులూ జరిగే ప్రెస్‌కి) వెళ్లాలని ఉంది, దానికి కూడా ఇలాంటి మార్పులు చేస్తారా?

పోతఇనుము

తీయొచ్చు. ముందు డీక్యాపింగ్ కడ్డీని వీలైనంత పైకి తిప్పేయండి, లేకపోతే డ్రిల్ బిట్ దాన్ని తింటుంది. డైని వైస్‌లో తలకిందులుగా పట్టి, ప్రైమర్ గుంత గుండా 5.1 మిల్లీ బిట్‌తో కేసు తలకి రంధ్రం వేయండి. పావు అంగుళం, 20 చుట్ల ట్యాప్ కొట్టండి. డై నోటి కన్నా లోపలి వ్యాసం పెద్దగా ఉన్న సాకెట్ ఒకటి కేసు చుట్టూ నిలబెట్టి, దాని మీద దళసరి వాషర్ వేసి, పావు అంగుళం బోల్టు దింపండి. బోల్టు మీద ముందే ఒక నట్టు ఎక్కించి ఉండాలి. బోల్టు కేసులో కనీసం ఆరేడు చుట్లు పట్టాక, దాని తలని స్పానర్‌తో తిరగకుండా పట్టుకుని నట్టుని వాషర్ మీదకి బిగిస్తూ పోండి, కేసు మెల్లగా ఊడి వస్తుంది. బోల్టునే తిప్పితే ఇత్తడిలోని త్రెడ్డు తెగిపోతుంది. తర్వాత డైలో ఇత్తడి గీత ఏమైనా అంటుకుందేమో చూడండి, ఉంటే తర్వాతి కేసులన్నిటి మీదా గాటు పడుతుంది.

నాలుగోస్టేషన్

ప్రోగ్రెసివ్ గురించి నేను చెప్తాను. అక్కడ ఎక్కువమంది చేసే మార్పు షెల్ ప్లేట్ (కేసుల్ని పట్టుకుని తిరిగే పళ్లెం) కుదుపు తగ్గించడం. ప్లేట్ ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి టక్కున ఆగినప్పుడు నిండుగా పోసిన కేసులోంచి పౌడర్ చిమ్ముతుంది. ప్లేట్ బోల్టు కింద సన్నని నీడిల్ థ్రస్ట్ బేరింగ్, దానికి అటూ ఇటూ గట్టి వాషర్లు వేస్తే ప్లేట్ లూజు లేకుండా బిగించినా తేలిగ్గా తిరుగుతుంది. ప్లేట్‌ని ఆపే చిన్న ఉక్కు గుండు కింది స్ప్రింగ్‌ని అర చుట్టు చొప్పున కత్తిరిస్తూ కుదుపు తగ్గించవచ్చు. కొత్త స్ప్రింగ్ ఒకటి చేతిలో పెట్టుకుని మాత్రమే మొదలుపెట్టండి. ఎక్కువ కత్తిరిస్తే గుండు గుంతలో గట్టిగా కూర్చోదు, స్టేషన్ అరమిల్లీ తప్పుతుంది. అప్పుడు డీక్యాపింగ్ పిన్ విరగడం ఒకటి, ప్రైమర్ పక్కవాటుగా గుంతలోకి నలగడం ఇంకోటి. రెండోదే ప్రమాదం.

అక్కడ ముట్టుకోకూడనివి మూడున్నాయి. ప్రైమర్ ట్యూబు చుట్టూ ఉండే ఉక్కు కవచం. ప్రైమర్లు అయిపోయాయో లేదో కనిపించడం లేదని దాన్ని తీసేసి ప్లాస్టిక్‌ది పెట్టేవాళ్లున్నారు. వరసగా వంద ప్రైమర్లు నిలబడ్డ చోట ఒకటి పేలితే మిగతావీ దాంతో పాటే పేలతాయి. ఆ బలాన్ని పైకి మళ్లించడానికే ఆ కవచం ఉంది. రెండోది పౌడర్ మెజర్ బార్‌ని వెనక్కి లాగే రాడ్డు. దాని బదులు రబ్బరు బ్యాండ్లు వేయొద్దు. బార్ పూర్తిగా వెనక్కి రాకపోతే తర్వాతి కేసులో పౌడర్ తక్కువ పడుతుంది, బులెట్ బారెల్ మధ్యలో ఆగిపోతుంది. మూడోది ప్రైమర్ సీటింగ్ లోతుని ఆపే స్టాప్.

చేతితో తిప్పే ఇండెక్స్ (ప్లేట్‌ని తర్వాతి స్టేషన్‌కి జరపడం) ఉన్న ప్రోగ్రెసివ్‌లో ఒకే కేసులో రెండుసార్లు పౌడర్ పడే అవకాశం ఉంది. అక్కడ మీరు ఇప్పుడు చేసుకోబోయే ఎల్ఈడీ పట్టీనే అసలైన రక్షణ. బులెట్ పెట్టే స్టేషన్ మీదికి అద్దం ముక్క ఒకటి వాల్చి, ప్రతి కేసులో పౌడర్ ఎత్తు చూశాకే బులెట్ పెట్టండి. రెండోసారి పడితే అంచు దాటి పొర్లేలా కేసుని సగానికి పైగా నింపే రకం పౌడర్ ఎంచుకుంటే, తప్పు జరిగిన వెంటనే కంటికి కనిపిస్తుంది.